నా నడుంలో నాలుగో స్క్రూ

సినిమాల్లో ఆపరేషన్ ఎంత తేలికో మీకు నేను చెప్పాలా? తలుపు మీద ఎర్రబల్బు వెలుగుతుంది. తల్లి దేవుడి పటం ముందు కూలబడుతుంది. గోడగడియారం టకటకమంటుంది. ఎర్రబల్బు ఆరిపోతుంది. డాక్టరుగారు బయటికొచ్చి, కళ్ళజోడు తీసి, చెమట తుడుచుకుని ఒక్క ముక్క చెబుతారు. అంతే! తర్వాతి సీనులో హీరో డ్యూయెట్‌కి తయారు.

పదేళ్ళుగా సినిమా పత్రికలకి రాసుకు బతుకుతున్నవాణ్ణి కదా, నిజం ఆపరేషన్ కూడా దాదాపు అలాగే వుంటుందని ఎక్కడో ఓ మూల నమ్మాను. 2022 నవంబర్లో నా నడుంకి ఆపరేషన్ జరిగింది. ఎర్రబల్బు వెలిగింది. ఆరింది. డాక్టరుగారు బయటికొచ్చి మా అక్కతో "బాగా జరిగిందమ్మా" అన్నారు. అక్క ఏడ్చేసింది. మా బావ మిఠాయి పొట్లం తెచ్చాడు.

నా కథకి శుభం కార్డు అక్కడ పడాలి. కానీ పడింది ఇంటర్వెల్!

* * *

ముందు ఫ్లాష్‌బ్యాక్.

కృష్ణానగర్‌లో ఓ డాబా మీద గది నాది. అక్కణ్ణించి అన్నపూర్ణా స్టూడియోకి, సారథీ స్టూడియోకి, ఫిలింనగర్‌కి రోజూ బైకు మీద తిరుగుడు. ముప్ఫై మూడో ఏట నడుంనొప్పి మొదలైంది. మెల్లగా ఎడమకాలి పిక్కదాకా దిగింది. రోడ్డు మీది గుంతల్నీ, బైకునీ నానా తిట్లూ తిట్టాను. తీరా స్కానింగ్ తీస్తే తేలిందేమిటంటే, పాపం గుంతల తప్పేం లేదు. చిన్నతనంలోనే వెన్నుపూస వెనకభాగంలో సన్నటి పగులు వచ్చిందట. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పూస ముందుకి జారింది. నడుంలో అయిదు పూసలుంటాయి. అయిదోది - డాక్టర్ల భాషలో ఎల్-5 - దాని కిందున్న త్రికాస్థి మీంచి జారి, ఎడమవైపు నరాన్ని నొక్కుతోంది. దీని పేరు స్పాండిలోలిస్థెసిస్. పలకడానికే నాకు మూడ్రోజులు పట్టింది.

ఏడాదిన్నరపాటు మందులు, వ్యాయామాలు, ఇంజక్షన్లు అన్నీ అయ్యాయి. ఆఖరికి ఓ ప్రెస్‌మీట్‌లో పావుగంట నిలబడలేక గోడకి జారబడి కూర్చుండిపోయాను. ఆ సాయంత్రమే ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను.

ఆ ఆపరేషన్ పేరు ఫ్యూజన్. జారిన పూసనీ, దాని కిందిదాన్నీ కలిపి ఒకే ఎముకగా అతుక్కునేలా చేయడం. అందుకోసం పై పూసలో రెండు, కింద రెండు - మొత్తం నాలుగు టైటానియం స్క్రూలు దించి, వాటిని రెండు కడ్డీలతో కలుపుతారు. మధ్యలో ఎముక ముక్కలు పెడతారు. నిజానికి స్క్రూలు పూసల్ని శాశ్వతంగా మోయవు. ఇంటికి స్లాబు పోసేటప్పుడు కింద సెంట్రింగ్ కర్రలు పెడతారే, అలాంటివి. స్లాబు గట్టిపడేదాకా కర్రలు మోస్తాయి. ఎముక అతుక్కునేదాకా స్క్రూలు మోస్తాయి. ఆరు నెలలో, ఏడాదో పడుతుంది. తేడా ఒక్కటే. కర్రలు తర్వాత తీసేస్తారు. స్క్రూలు మామూలుగా లోపలే వుండిపోతాయి.

* * *

ఆ స్క్రూ ఎక్కడ దిగాలో చెబితే మీకు గుండె ఝల్లుమంటుంది.

వెన్నుపూసకి ముందువైపు గుండ్రటి దిమ్మ వుంటుంది. వెనకవైపు నుంచి ఆ దిమ్మలోకి అటొకటి ఇటొకటి రెండు పొట్టి ఎముక స్తంభాలు పోతాయి. వాటిని పెడికిల్ అంటారు. స్క్రూ ఆ స్తంభం మధ్యలోంచే వెళ్ళాలి. నాకు వేసినది 6.5 మిల్లీమీటర్ల లావు, 45 మిల్లీమీటర్ల పొడవు. అంటే దాదాపు మనం రాసుకునే పెన్సిలంత లావన్నమాట!

స్తంభానికి లోపలివైపు గోడ దాటితే నరాల కట్ట. కింది గోడ దాటితే కాల్లోకి దిగే నరం. స్క్రూ మరీ పొడవై ముందుకి పొడుచుకొస్తే పెద్ద రక్తనాళాలు. బయటివైపుకి పోతే కండ, పైగా స్క్రూకి పట్టు చాలదు. అయిదో పూస దగ్గర ఈ స్తంభం కాస్త వెడల్పే గానీ లోపలికి బాగా వాలి వుంటుంది. నాలాగా పూస జారినవాళ్ళలో ఆ లెక్క కూడా మారిపోతుంది.

అసలీ పెడికిల్‌లోంచి స్క్రూ దించే పద్ధతిని పారిస్‌లో రేమండ్ రాయ్-కమీయ్ అనే సర్జన్ 1963లో మొదలుపెట్టాడు. అంతకుముందు తిప్పలు వేరు. అమెరికా ప్రెసిడెంటు కెనెడీ సంగతే చూడండి. ఇంకా సెనేటర్‌గా వున్నప్పుడు, 1954 అక్టోబర్లో, న్యూయార్కులో ఆయన నడుం దగ్గర లోహపు ప్లేటు బిగించారు. ఇన్‌ఫెక్షన్ వచ్చి ప్రాణం మీదికొచ్చింది. ఆఖరి ప్రార్థనలు కూడా చదివించేశారు. 1955 ఫిబ్రవరిలో మళ్ళీ కోసి ఆ ప్లేటు తీసేశారు. ప్రెసిడెంటయ్యాక కూడా నడుంకి పట్టీ కట్టుకునే తిరిగాడాయన.

* * *

సరే, నా సంగతికొద్దాం.

ఆపరేషన్ అయిన రాత్రి మెలకువ వచ్చింది. ఎడమకాలి నొప్పి లేదు! ఏడాదిన్నరగా నన్ను కాల్చుకు తిన్న నొప్పి మాయం. సంతోషంతో కళ్ళు చెమర్చాయి. అంతలో కుడికాలు... కరెంటు తీగ తగిలినట్టు తుంటి నుంచి బొటనవేలిదాకా ఓ మంట సర్రున పాకింది. ఆగింది. మళ్ళీ పాకింది.

కుడికాలికి ఏనాడూ నొప్పి లేదు. అది కొత్త నొప్పి. ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే తెలుసు.

పొద్దున్న డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చారు. వెనక నలుగురు జూనియర్లు. "ఎలా వుంది?" అన్నారు. పక్కన మా అక్క చేతులు జోడించి నిలబడింది. బావ ఎక్స్‌రే ఫిల్ము పట్టుకుని మురిసిపోతున్నాడు. అందులో నాలుగు స్క్రూలూ సైనికుల్లా నిలబడి వున్నాయి.

"బాగుంది సార్" అన్నాను.

ఎందుకన్నాను? ఆ ప్రశ్న ఈ రోజుకీ వేసుకుంటాను. ఆయన మొహంలో సంతోషం పాడుచేయాలనిపించలేదు. కోసి కుట్టినవాడికి ఆ మాత్రం నొప్పి వుండదా అనుకున్నాను. అన్నిటికన్నా ముఖ్యంగా, నొప్పి అంటే మగాడు పళ్ళబిగువున ఓర్చుకోవాలని చిన్నప్పణ్ణించీ నేల క్లాసు మొదలు బాల్కనీదాకా కూర్చుని నేర్చుకున్న చదువు నాది. హీరో ఎప్పుడైనా "అమ్మా నొప్పి" అనగా చూశామా?

రెండో రోజూ అదే ప్రశ్న. అదే జవాబు. రాత్రి మాత్రం దిండు కొరుక్కున్నాను.

* * *

మూడో రోజు సాయంత్రం మా కింది పోర్షన్ బాబాయ్ చూడ్డానికొచ్చాడు. ఆయన పాతకాలం ఫైటర్. మద్రాసు రోజుల నుంచి పెద్ద పెద్ద హీరోల చేతుల్లో వందలసార్లు తన్నులు తిన్న మనిషి. అరవై అయిదు దాటాయి. వరసకి బాబాయ్ కాదు, కృష్ణానగర్ వరస.

అప్పుడే నర్సమ్మ నన్ను వాకర్ పట్టించి నడిపిస్తోంది. బాబాయ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. నా మొహం చూడలేదు. కాళ్ళు చూశాడు.

"ఒరేయ్ అబ్బాయ్, కుడికాలి చెప్పేదిరా?"

వెనక్కి చూశాను. చెప్పు నాలుగడుగుల వెనకే ఊడిపోయి వుంది. అది జారిన సంగతే నాకు తెలియలేదు!

"అడుగు టప్పుమని పడుతోంది. ఏదీ, బొటనవేలు పైకెత్తు."

ఎత్తాను. ఎత్తాననుకున్నాను. వేలు కదల్లేదు.

నన్ను మంచం మీద కూర్చోబెట్టి, ఆయన మెల్లగా చెప్పాడు: "1986లో మద్రాసులో గోడ మీంచి పడే షాటు. కింద అట్టపెట్టెలు పేర్చారు. ఓ మూల పెట్టె జారింది, ఎవరూ చూళ్ళేదు. పడ్డాను. నడుంలో కలుక్కుమంది. యూనిట్ అంతా చప్పట్లు! లేచి నవ్వుతూ దణ్ణం పెట్టాను. చెబితే రేపట్నుంచి పిలవరని భయం. ఇంకో రెండు షాట్లు చేశాను కూడా. వారం తర్వాత ఎక్స్‌రే తీస్తే పూస నలిగిందన్నారు. ఆరు నెలలు మంచం. మా మాస్టారు చూడ్డానికొచ్చి ఏమన్నారో తెలుసా? అప్పుడే చెబితే షూటింగ్ ఆపేవాణ్ణి కదరా, అన్నారు."

కాసేపాగి అన్నాడు: "షాట్ ఓకే అన్నారంటే కెమెరాకి ఓకే అని. వొళ్ళు ఓకే అని కాదు. పిలువు డాక్టర్ని."

* * *

గంటలో నన్ను సీటీ స్కాన్‌కి తీసుకెళ్ళారు.

రాత్రి తొమ్మిదింటికి డాక్టరుగారు ఒక్కరే వచ్చారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కంప్యూటర్లో బొమ్మ చూపించారు. పూసని అడ్డంగా కోసిన బొమ్మ. మూడు స్క్రూలు ఎముక మధ్యలో వున్నాయి. నాలుగోది, ఎల్-5 కుడివైపుది, లోపలి గోడ చీల్చుకుని నరం మీదికొచ్చి కూర్చుంది.

"ఇది నేను వేసిందే. పక్కకి వెళ్ళింది. దీనివల్లే మీ పాదం లేవడం లేదు. రేపు పొద్దున్నే సరిచేద్దాం" అన్నారు.

"మరి ఎక్స్‌రేలో బాగుందిగా సార్?"

అప్పుడాయన చెప్పింది వింటే మీకు మన ఫైట్లు గుర్తొస్తాయి. హీరో పిడికిలికీ విలన్ దవడకీ మధ్య జానెడు ఖాళీ వుంటుంది. అయినా కెమెరా పెట్టిన చోటు నుంచి చూస్తే దెబ్బ సరిగ్గా తగిలినట్టే వుంటుంది. ఎక్స్‌రే కూడా అంతే. ఆపరేషన్ జరిగేటప్పుడు సీ-ఆర్మ్ అనే యంత్రంతో ఎదుటి నుంచీ పక్క నుంచీ బొమ్మలు తీస్తూనే వుంటారు. కానీ రెండు యాంగిల్స్‌లోనూ బాగున్న స్క్రూ అసలు దారి తప్పి వుండవచ్చు. సీటీ ఒక్కో పొర విడదీసి చూపిస్తుంది కాబట్టి దాని ముందు దాపరికం చెల్లదు.

సినిమాలకి ఏ, బి, సి సెంటర్లున్నట్టే ఈ స్క్రూలకీ తరగతులున్నాయండోయ్! గెర్ట్స్‌బైన్, రాబిన్స్ అనే ఇద్దరు డాక్టర్లు 1990లో ఓ కొలత ప్రకటించారు. పూర్తిగా ఎముకలోనే వుంటే ఏ. 2 మిల్లీమీటర్లలోపు బయటికొస్తే బి. 2 నుంచి 4 దాకా సి. 4 నుంచి 6 దాకా డి. ఆపైన ఈ. బి తరగతి వాటివల్ల చాలామందికి ఏ బాధా వుండదు, ఎవరూ వాటి జోలికి పోరు. నాది దాదాపు 5 మిల్లీమీటర్లు. డి సెంటరు!

నాకు కోపం రాలేదంటే అబద్ధం. మా బావ అయితే వరండాలో నిలబడి కేసు వేద్దామని ఊగిపోయాడు. నేను డాక్టరుగారి మొహంలోకి సూటిగా చూసి అడిగాను: "మీకు ముందే తెలుసా సార్?"

"తెలియదు. తెలిస్తే ఆ పూటే మార్చేవాణ్ణి." కాస్సేపు మాట్లాడలేదు. "మీరు మొదటిరోజే చెప్పివుంటే మొదటిరోజే సీటీ తీయించేవాణ్ణి. కానీ తప్పు మీ మీదికి నెట్టడం లేదు. ఎలా వుంది అని అడిగి వెళ్ళిపోయాను. వేళ్ళు ఎత్తించి చూడాల్సింది నేను."

ఆయన దాచివుంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు. మంచాన పడే కేసు వేసేవాణ్ణి. దాచలేదు. ఎక్కడ పొరపాటు జరిగిందో బొమ్మ పెట్టి చూపించి, తన పేరు తనే చెప్పుకున్నాడు. రాత్రంతా ఆలోచించాను. వేరే ఆస్పత్రికి పోదామని బావ. నీ ఇష్టంరా అని అక్క. ఇంకో పక్క కాల్లో కరెంటు. నరం నలుగుతున్నకొద్దీ తిరిగి కోలుకునే అవకాశం తగ్గుతుందని చెప్పారు కదా, ఊరు మార్చి డాక్టర్ని మార్చే వ్యవధి ఏదీ? తెల్లవారుజామున సంతకం పెట్టాను. మొదటిసారి సంతకం పెట్టినప్పుడు కాగితం చదవలేదు. ఈసారి ప్రతి లైనూ చదివాను. మొదటి కాగితంలో కూడా స్క్రూ పక్కకి వెళ్ళే ప్రమాదం గురించి రాసే వుందట!

* * *

రెండో ఆపరేషన్‌కి థియేటర్లోకి వెళ్తుంటే ఎర్రబల్బు కేసి చూడబుద్ధి కాలేదు.

పాత కన్నంలోంచి స్క్రూ తీసి, కొత్త దారి చేసి, సన్నటి పుల్లలాంటి పరికరంతో నాలుగు గోడలూ తడిమి చూసి, మరోటి దించారు. కుట్లు వేసేముందు సీటీ బొమ్మ తీసి చూసుకున్నారు. మెలకువ రాగానే నేను చేసిన మొదటి పని కుడికాలి కోసం వెతుక్కోవడం. మంట పోయింది! కానీ బొటనవేలు ఇంకా మొద్దు నిద్రలోనే వుంది.

నరం మేలుకోవడం సినిమా ట్రెయినింగ్ సీను కాదు, ఒక్క పాటలో అయిపోవడానికి. ఏడు నెలలు బూటులో ప్లాస్టిక్ పట్టీ పెట్టుకుని నడిచాను, పాదం వేలాడకుండా. ప్రతి రాత్రీ దుప్పట్లోంచి కాలు బయటపెట్టి "లేవరా నాయనా" అని వేలిని బతిమాలుకునేవాణ్ణి. మూడో నెలలో ఓ రాత్రి అది వణికింది. అవును, వణికింది అంతే. అక్కకి అర్ధరాత్రి ఫోన్ చేశాను. 2023 జూన్లో పట్టీ తీసేశాను. ఏడాది నిండాక తీసిన స్కానులో ఎముక అతుక్కుందన్నారు. ఇప్పుడు బైకు మీద స్టూడియోలకి తిరుగుతున్నాను. కుడి మడమ మీద మాత్రం నిలబడలేను. చెప్పు అప్పుడప్పుడూ జారుతుంది. నరం ఆ మాత్రం అప్పు ఉంచుకుంది.

ఇదంతా మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. మీ నాన్నగారికో అమ్మగారికో ఈ ఆపరేషన్ చెబితే వద్దనమనీ కాదు. నా ఎడమకాలి నొప్పి ఆ ఆపరేషన్‌తోనే కదా పోయింది! ఇప్పుడు కొన్ని ఆస్పత్రుల్లో కంప్యూటరు దారి చూపే యంత్రాలు, రోబోలు, నరం పలుకుతోందో లేదో కనిపెట్టే పరికరాలు వచ్చాయి. పొరపాట్లు తగ్గాయి. సున్నా కాలేదు. స్క్రూ తర్వాత్తర్వాత వదులుకావచ్చు, విరగవచ్చు, ఇన్‌ఫెక్షన్ రావచ్చు. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ళలో పట్టు జారవచ్చు. సిగరెట్టు కాల్చేవాళ్ళకి ఎముక సరిగా అతుక్కోకపోవచ్చు. కాబట్టి ముందే అడగండి - స్క్రూల్ని ఎలా సరిచూస్తారు, పక్కకి పోతే ఏం చేస్తారు అని. అడిగితే కోప్పడే డాక్టరు కంటే అడిగించుకునే డాక్టరు మేలు.

ఆపరేషన్ అయ్యాక పాత నొప్పి వుందా లేదా అన్నది ఒక్కటే కాదు, కొత్త నొప్పి వచ్చిందా అన్నది చూసుకోండి. రెండు కాళ్ళ వేళ్ళూ ఎత్తి చూసుకోండి. మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా ఆ గంటలోనే చెప్పండి, తెల్లారేదాకా ఆగకండి. పేషెంటు మంచివాడనిపించుకోవడానికి ఆస్పత్రిలో బహుమతులేం ఇవ్వరు!

జార్జ్ క్లూనీ పేరు మీరు వినే వుంటారు. 2005లో వచ్చిన 'సిరియానా' సినిమా షూటింగ్‌లో, కుర్చీకి కట్టేసి హింసించే సీనులో పడి, వెన్ను నరాలని కప్పే పొర చిరిగి లోపలి ద్రవం కారిపోయింది. ఆ సినిమాకే ఆయనకి ఆస్కార్ వచ్చింది. ఎంతో నొప్పి భరించానని ఆ తర్వాత ఆయనే బయటికి చెప్పుకున్నాడు. అంత పెద్ద హీరో చెప్పుకున్నాడు. నేనే, కృష్ణానగర్ హీరోని, మూడ్రోజులు దాచాను.

* * *

మొన్నామధ్య బాబాయ్‌ని తీసుకుని ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఓ కొత్త సినిమాకి వెళ్ళాను. హీరో మూడంతస్తుల మీంచి కారు మీద పడ్డాడు. కారు నుజ్జయింది. హీరో లేచి చొక్కా దులుపుకున్నాడు. హాలంతా ఈలలు, కాగితాలు. నేనూ ఈలేశాను, అలవాటు కదా!

బాబాయ్ మాత్రం తెర కేసి చూస్తూ అన్నాడు: "ఆ పడ్డ కుర్రాడెవరో. కట్ అన్నాక ఎవరైనా వెళ్ళి అడిగారో లేదో."

నేనేం మాట్లాడలేదు. చీకట్లో, బూటులోపల, కుడికాలి బొటనవేలు ఒకసారి పైకెత్తి చూసుకున్నాను.